మైసూరు నుంచి ఎవరికి ఏం తేవాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది అనంతపురం. నేను టీచర్‌ని. ఈ సెలవుల్లో మొదటిసారి కుటుంబంతో మైసూరు వెళ్తున్నాం. శనివారం పొద్దున దిగి, సోమవారం మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కుతాం. ఊరు చూడడం గురించి బెంగ లేదు గానీ, తేవాల్సిన వాటి గురించే టెన్షన్. మా అత్తగారు "మైసూరు సిల్క్ చీర అక్కడే కొనాలమ్మా" అని ఇప్పటికే రెండుసార్లు అన్నారు. ఇద్దరు ఆడపడుచులున్నారు. స్టాఫ్ రూంలో పన్నెండు మంది, ఇరుగుపొరుగు, అక్క పిల్లలు సరేసరి. అన్నీ కలిపి ముప్పై వేలు దాటకూడదు. పోయినేడాది మా తోటికోడలు అక్కడి నుంచి తెచ్చిన చందనం వినాయకుడికి నెల తిరక్కుండానే వాసన పోయింది. ఆటో అతను "గవర్నమెంట్ షాపు" అని చెప్పి తీసుకెళ్లాడట. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎక్కడ బేరమాడాలి?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ తోటికోడలి వినాయకుడి దగ్గరే మొదలుపెడతాను. ఆవిడ మోసపోయింది షాపులో కాదు, ఆటో ఎక్కినప్పుడే. మైసూరు ప్యాలెస్ గేటు దగ్గర, రైల్వే స్టేషన్ బయట ఈ మాట తరచూ వినబడుతుంది: "ప్యాలెస్ ఇప్పుడు మూసేశారు మేడం, మధ్యాహ్నం తీస్తారు. ఈలోగా ఊళ్లో ఒక స్పెషల్ మార్కెట్ ఉంది, ఈరోజు ఒక్కరోజే." ప్యాలెస్ మూసి ఉండదు, ఆ మార్కెట్టూ ఆ ఒక్కరోజుది కాదు. యాభై రూపాయలకే ఊరంతా తిప్పుతానన్నవాడికి మిగతా డబ్బు షాపు నుంచి వస్తుంది, షాపుకు మీ బిల్లు నుంచి వస్తుంది. బోర్డు మీద "గవర్నమెంట్", "ఎంపోరియం", "కాటేజ్" లాంటి మాటలు ఎవరైనా రాసుకోవచ్చు. కాబట్టి మీరు పాటించాల్సింది ఒక్కటే. ఏ షాపుకు వెళ్లాలో ఇంట్లోనే తేల్చుకోండి, ఆటోవాడికి షాపు పేరు చెప్పకండి, పక్కనున్న సర్కిల్ పేరు చెప్పండి.

మీ అదృష్టం కొద్దీ మీకు కావలసినవన్నీ దాదాపు ఒకే రోడ్డు మీద ఉన్నాయి. ప్యాలెస్ నుంచి కె.ఆర్. సర్కిల్‌కు నడిచి, అక్కడి నుంచి సయ్యాజీరావు రోడ్డు పట్టుకుంటే చాలు. దసరా రోజు అంబారీ ఏనుగు ఊరేగేది ఈ రోడ్డు మీదే. సర్కిల్లో సిల్క్ షోరూం, కాస్త ముందుకెళ్తే దేవరాజ మార్కెట్, ఆ మూలనే మైసూర్ పాక్ కొట్టు, ఇంకాస్త ముందుకెళ్తే ప్రభుత్వ హస్తకళల షోరూం కావేరి. ఒక సాయంత్రం కాళ్లకు పని చెబితే ఆటో అవసరమే లేదు.

ఇక చీర సంగతి. అసలు బరువంతా దాని మీదే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మైసూరు సిల్క్ అన్న పేరుకు జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకుకే ఆ పేరు చెల్లుతుందన్న ముద్ర, ఉంది. ఆ చీర నేసేది కర్ణాటక ప్రభుత్వ సంస్థ కేఎస్ఐసీ. మానందవాడి రోడ్డులోని వాళ్ల ఫ్యాక్టరీని 1912లో మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ పెట్టించారు, మొదటి మగ్గాలు స్విట్జర్లాండ్ నుంచి వచ్చాయి. అనుమతి తీసుకుంటే లోపలికెళ్లి చూడొచ్చు. మగ్గాల హోరులో పక్కనున్నవాళ్లతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాల్సిందే. ఫోటోలు తీయనివ్వరు. దారానికి మెలివేసి, నేసి, ఉడికించి, రంగు వేసే దాకా పనంతా చూశాక ఆ ధర ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. జరీలో దాదాపు 65 శాతం వెండి, 0.65 శాతం బంగారం ఉంటాయి. ప్రతి చీరకూ కుట్టిన కోడ్ నంబరు, హోలోగ్రామ్ ఉంటాయి. ఆ రెండూ లేనిది ఎంత మెరిసినా కేఎస్ఐసీ చీర కాదు.

ధర ఇరవై వేల పైనే మొదలై లక్షల్లోకి వెళ్తుంది. మొదట్లో దొరికేవి సన్నటి జరీ అంచు ఉన్న ప్లెయిన్ క్రేప్ చీరలు. నన్నడిగితే మైసూరు సిల్క్ అందమంతా వాటిలోనే ఉంది. ఒంటి మీద బరువనిపించదు, కుచ్చిళ్లు జారవు, పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. ధర్మవరం పక్కన పెరిగిన మనకు పట్టుచీర అంటే పెద్దంచు, బుటాలు, కొంగు నిండా జరీ అని అలవాటు. ఆ కళ్లతో చూస్తే షోరూంలో "ఇంతేనా?" అనిపిస్తుంది. అలా అనిపించి బయటికొచ్చి, పక్క సందులో జరీ మెరిసే ఇంకో చీర "ఇదే మైసూరు సిల్క్" అని కొనుక్కునేవాళ్లు తక్కువేం కాదు. మీ ఊరికి గంట దూరంలో నేసిన చీరే మైసూరు పేరు పెట్టుకుని మళ్లీ మీ ఇంటికి రావచ్చు. మూడు వేలకు, నాలుగు వేలకు "మైసూరు సిల్క్" అంటే అది పేరుకే. ఆర్ట్ సిల్కో, పాలిస్టర్ కలిసిందో అయివుంటుంది. వేరే షాపులో అసలు పట్టే కొనాలనుకుంటే కనీసం సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడండి. అది పట్టు అసలుదని చెబుతుంది, మైసూరులో నేశారని మాత్రం చెప్పదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఈ చీరలకు ఈమధ్య గిరాకీ బాగా పెరిగింది. బెంగళూరు షోరూంల ముందు తెల్లవారకముందే క్యూలు కడుతున్నారు. తక్కువ ధరవి ముందు అయిపోతాయి. కాబట్టి చీర పని శనివారమే పెట్టుకోండి. ఆదివారం ఫ్యాక్టరీ నడవదు. సోమవారం పొద్దున అనుకుంటే రైలు హడావుడిలో నచ్చింది కాక దొరికింది కొంటారు. శనివారం స్టేషన్‌లో దిగి, హోటల్లో సామాను పడేసి, టిఫిన్ చేసి నేరుగా కేఎస్ఐసీ షోరూంకు వెళ్లండి. దొరక్కపోతే ఇంకో రెండు షోరూంలు చూడడానికి టైముంటుంది.

మీ బడ్జెట్‌లో మూడొంతుల్లో రెండొంతుల పైనే ఈ ఒక్క చీరకే పోతుంది. పోనివ్వండి. మీ ఉత్తరం చూస్తే అత్తగారు రెండుసార్లు అన్నారంటే ఆవిడకు ఆ కోరిక ఎప్పట్నుంచో ఉన్నట్టుంది. ముగ్గురికి మూడు నకిలీ చీరల కన్నా ఒకరికి ఒక అసలు చీర నయం. అంత పెట్టడం కష్టమనుకుంటే చీర ఊసే వదిలేసి "ఈసారి కుదరలేదత్తయ్యా" అనండి. ఆవిడ నొచ్చుకున్నా నాలుగు రోజులే. నాలుగు వేల చీర తెచ్చి మైసూరు సిల్క్ అంటే పేరంటంలో ఎవరో ఒకరు అంచు పట్టుకు చూసి చెప్పేస్తారు, అప్పుడు ఇద్దరికీ ఇబ్బందే.

ఆడపడుచులకు చీరలొద్దు. ఒకరి చీర ధర, ఇంకొకరి చీర ధర, అమ్మ చీర ధర పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం ఇవ్వకండి. కావేరిలో రోజ్‌వుడ్ ఇన్లే పని చూడండి. నల్లటి చెక్కలో ఏనుగు, నెమలి, పల్లె దృశ్యం ఆకారంలో గాడి తీసి, అందులో వేర్వేరు రంగుల చెక్క ముక్కల్ని కోసి అతికి, చదును చేసి, పైన సన్నటి గీతలు చెక్కుతారు. ఒకప్పుడు ఏనుగు దంతం పొదిగేవారు, ఇప్పుడది నిషిద్ధం. మంచి పనిలో రంగు వేసినట్టు ఉండదు. పసుపుపచ్చ, ఎరుపు, తెలుపు అన్నీ ఆయా చెక్కల సహజ రంగులే కాబట్టి కొంచెం మందంగా, మట్టిరంగు కలిసినట్టు కనిపిస్తాయి. ఆకుపచ్చ, నీలం మరీ కొట్టొచ్చినట్టుంటే అది రంగో, స్టిక్కరో. పక్కకు వంచి వెలుతురులో చూస్తే ముక్క ముక్కకూ నార వేర్వేరు దిక్కుల్లో మెరుస్తుంది. గోడకు తగిలించే చిన్న పలకలు, నగల పెట్టెలు వెయ్యి రూపాయల చుట్టుపక్కల నుంచి ఉంటాయి. ఇద్దరికీ ఒకే సైజువి, వేర్వేరు బొమ్మలున్నవి తీసుకోండి.

చందనం బొమ్మ మళ్లీ కొనాలని ఉందా? ఇవి తెలుసుకుని కొనండి. కర్ణాటకలో 2001 దాకా చందనం చెట్టు సొంత పొలంలో మొలిచినా ప్రభుత్వానిదే. ఇప్పటికీ మంచి చేవ ఉన్న చందనం గ్రాముల లెక్కన పలికే సరుకు. వేలెడంత బొమ్మే వేలల్లో ఉంటుంది. ఫుట్‌పాత్ మీద రెండు వందలకు దొరికేది వేరే చెక్క, పైన నూనె రాసింది. అసలు చందనం షాపు గుమ్మంలోకి రాగానే ముక్కు పుటాలదరగొట్టదు. సన్నగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, అడుగు భాగం కాస్త రుద్దితే మళ్లీ లేస్తుంది. మీ తోటికోడలి వినాయకుడు మొదటిరోజు ఇల్లంతా గుబాళించి ఉంటాడు, అదే గుర్తు. అక్కడ గుమ్మడిటేకుతో చెక్కిన బొమ్మలూ అమ్ముతారు, కన్నడంలో శివనె అంటారు. ఆ పేరు చెప్పి, ఆ ధరకే ఇస్తే చక్కగా కొనుక్కోవచ్చు, పనితనం బాగుంటుంది. మీ బడ్జెట్‌కు నా సలహా అదే. అసలు చందనమే కావాలంటే బొమ్మ మానేసి చందనపు పొడి చిన్న ప్యాకెట్ కావేరిలో తీసుకోండి, పూజ గదిలో పనికొస్తుంది.

మైసూర్ శాండల్ సబ్బులు మాత్రం మోసుకురాకండి. 1916లో మైసూరులో చందన తైలం ఫ్యాక్టరీ పెట్టినప్పటి కథ గొప్పదే. యుద్ధం వల్ల చెక్క ఎగుమతి ఆగిపోయి, నూనె ఇక్కడే తీద్దామని మొదలుపెట్టారు, సబ్బు తర్వాత వచ్చింది. కానీ ఆ సబ్బుకు మన తెలుగువాళ్లే పెద్ద గిరాకీ. మీ వీధి చివర కిరాణా కొట్లో దొరికేదాన్ని డజను కొని రైల్లో తెచ్చి స్టాఫ్ రూంలో పంచితే "ఓహో, మైసూరు నుంచా" అని నవ్వుతారు. సైకిల్ అగరబత్తీలదీ అదే సంగతి, తయారయ్యేది మైసూరులోనే, దొరికేది మాత్రం ప్రతి ఊళ్లో.

దేవరాజ మార్కెట్‌కు తప్పక వెళ్లండి, చిక్క గడియారం అనే చిన్న గడియార స్తంభం వైపు నుంచి లోపలికి వెళ్తే బాగుంటుంది. పళ్లేల్లో కుంకుమ, రంగులు శంఖువుల్లా పోసి ఉంటాయి, పక్కనే మల్లెపూలు మూరల లెక్కన. అక్కడే ఎవరో ఒకరు మిమ్మల్ని ఆపుతారు. తెలుగువాళ్లని పసిగట్టి తెలుగులోనే మొదలుపెడతారు. చెక్క పీట మీద వెదురు పుల్లకు నల్లటి అగరబత్తీ ముద్ద చుట్టి, మీ చేతికీ ఒక పుల్ల ఇచ్చి "మీరు చేయండి మేడం" అంటారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది, చేయనివ్వండి. ఆ తర్వాత చిన్న చిన్న సీసాలు బయటికొస్తాయి. మణికట్టు మీద ఒక చుక్క రాసి, "ఇది మల్లె, ఇది తామర, ఇది చందనం, ఆల్కహాల్ లేదు, ప్యూర్" అంటారు. వందల కిలోల మల్లెపూలు పోస్తే గానీ కిలో మల్లె తైలం రాదు. మూడొందల సీసాలో అది ఎంతుంటుందో లెక్క వేసుకోండి. వాసన నచ్చితే సెంటు సీసా అనుకుని కొనండి, ప్యూర్ అనుకుని మాత్రం వద్దు. చందన తైలం అసలుదే కావాలంటే ప్రభుత్వ సబ్బుల సంస్థ వాళ్లది, సీలు వేసిన సీసాలో వస్తుంది.

ఈ మార్కెట్‌లో మీకు పనికొచ్చేది తమలపాకు. మైసూరు తమలపాకుకూ జీఐ ఉంది. ఇంట్లో తాంబూలం వేసుకునే పెద్దలుంటే సోమవారం పొద్దున ఒక కట్ట కొని, తడి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి. నంజనగూడు రసబాళె అరటిపళ్లు కనిపిస్తే అక్కడే తినేయండి, అవి ప్రయాణానికి ఆగవు.

స్టాఫ్ రూంలో పన్నెండు మందికి పన్నెండు వస్తువులు కొనే ఆలోచన మానుకోండి. ఎవరికి ఏం ఇచ్చానన్న లెక్కతో మీ తల తిరుగుతుంది, రెండు వందల రూపాయల కీచైన్లు ఎవరి డ్రాయర్లోనో పడుంటాయి. ఒక పెద్ద పెట్టె మైసూర్ పాక్ తెచ్చి ఇంటర్వెల్లో మధ్యలో పెట్టండి. దేవరాజ మార్కెట్ ఆనుకుని సయ్యాజీరావు రోడ్డు మీద గురు స్వీట్స్ ఉంది. రాజమహల్ వంటశాలలో మైసూర్ పాక్ మొదట చేసిన కాకాసుర మాదప్ప వంశం వాళ్లే దాన్ని నడుపుతున్నారు. కూర్చోవడానికి కూడా చోటుండదు, నిలబడి ఒక ముక్క తినాలి. మన పెళ్లిళ్లలో వడ్డించే, కొరికితే ఇటుకలా పొడి రాలే రకం ఇది కాదు. నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, చుట్టిన కాగితం నెయ్యికి తడిసిపోతుంది. అందుకే సోమవారం, బయల్దేరే రోజునే కొనండి, ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో కొట్లోనే అడగండి. స్టీలు డబ్బా ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్తే బ్యాగులో బట్టలు బతుకుతాయి.

ఇరుగుపొరుగుకు రెండే. చాముండి కొండ మీద అమ్మవారి కుంకుమ, పావుకిలో కాఫీ పొడి. కుంకుమ పొట్లానికి పది రూపాయలే అయినా మన ఆడవాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. కాఫీ పొడి పాకెట్టుది వద్దు. గింజలు వేయించి అప్పటికప్పుడు మరపట్టి ఇచ్చే కొట్లు మైసూరులో ఉన్నాయి. చికోరీ ఎంత కలపాలో మీరే చెప్పొచ్చు, ఫిల్టర్‌కు అని ముందే అనండి.

అక్క పిల్లలకు చన్నపట్న బొమ్మలు. మైసూరుకు, బెంగళూరుకు మధ్యలో చన్నపట్న ఊరుంది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్రతోనే అక్కడా చేస్తారు, పద్ధతీ అదే. తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క పుల్లను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అందుకే రంగు బ్రష్షుతో వేసినట్టు కాక చెక్కలోంచి వచ్చినట్టు ఉంటుంది. తడి వేలితో రుద్దితే అంటకూడదు. 2023లో వచ్చిన కొత్త ఎక్స్‌ప్రెస్ హైవే ఆ ఊరిని తప్పించి వెళ్తోంది, పాత రోడ్డు మీది బొమ్మల కొట్లకు బేరాలు తగ్గిపోయాయి. కారులో వెళ్లేవాళ్లు ఊళ్లోకి దిగి కొనాలని నా కోరిక. మీరు రైల్లో వెళ్తున్నారు కాబట్టి కావేరిలోనే తీసుకోండి. ఒక గిలక, ఒక బొంగరాల సెట్టు, ఐదారు వందల్లో తేలిపోతాయి.

బేరం గురించి: కేఎస్ఐసీలో, కావేరిలో బేరముండదు, అడిగి చిన్నబుచ్చుకోవద్దు. ప్యాలెస్ ముందు ఫుట్‌పాత్ మీద చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టండి, మొహమాటం వద్దు. కుంకుమ, పూలు అమ్మే ముసలావిడ దగ్గర మీవారిని బేరానికి దిగనివ్వకండి.

చీర రంగు మీద చివరి మాట. అత్తగారికి ఏ రంగులున్నాయో, ఏవి నచ్చవో ఇంట్లోనే చూసి రాసుకెళ్లండి. షోరూం వాళ్లను అడిగి వీడియో కాల్ చేసి రెండు మూడు చూపించినా తప్పు లేదు. సర్‌ప్రైజ్ ఇద్దామని ఇరవై వేల చీర ఆవిడకు పడని రంగులో తేవడం కన్నా అదే మేలు. బిల్లు పారేయకండి, అందులో కోడ్ నంబరు చీర మీది నంబరుతో సరిపోయిందో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మొదటిసారి డ్రై వాష్‌కే ఇవ్వమని ఆవిడకు చెప్పండి. ధర చీటీ తీసేసి ఇస్తారో, ఉంచి ఇస్తారో అది మీ ఇంటి సంగతి, అందులో నేను తలదూర్చను.